గంగలో పడవ, వరండాలో బాత్రూం

పడవ కొన్నందుకు నేను మా ఆయన్ని ఒక్క మాటా అనలేదు. నా ఏడుపంతా కొన్న తర్వాతది.

డాక్‌లో ఓడల సరుకు దించీ ఎక్కించీ నడుం వంగిపోయిన మనిషి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం సముద్రంలో వేటకెళ్ళేవాడు. ఈయన పుట్టిందీ ఆ ఇసకలోనే. పొట్టకూటికి కలకత్తా వచ్చి, ఇన్నేళ్ళు ఓడల పక్కనే బతికీ ఒక్కనాడు తెడ్డు పట్టింది లేదు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఓ పాత డింగీ పడవ కొనుక్కుంటానన్నాడు. పోనీలే, మనిషన్నాక ఒక ముచ్చట ఉండకూడదా అనుకుని ఊరుకున్నాను. అదిగో, అక్కడ దెబ్బతిన్నాను.

పడవన్నది ఒకసారి కొనేసి ఊరుకునే వస్తువు కాదు. దాన్ని నెలనెలా కొంటూనే ఉండాలి. ఈ సంగతి తెలిసిన మనిషి నాకు చెప్పలేదు. తెలియని దాన్ని నేను అడగలేదు.

నాకు కావలసింది ఒక్కటే. మేముండేది ఖిదిర్‌పూర్ అవతల బస్తీలో, మేడ మీద ఒక గది. లెట్రినూ స్నానాలగదీ కింద, కొళాయి పక్కన. అయిదు కుటుంబాలకి అదొక్కటే. ఇనప మెట్లు దిగి, వాకిట్లో బురద దాటి, బాల్దీ పట్టుకుని వరసలో నిలబడాలి. నా మోకాళ్ళు ఎప్పుడో చెప్పాపెట్టకుండా రిటైరైపోయాయి. ఒక వానాకాలం ఆ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను కూడా. మా గదికి వెనకవైపు చిన్న వరండా ఉంది. దాని మూల ఓ బాత్రూం కట్టుకుంటానని ఇంటి ఓనరు మాసీని అడిగితే, మీ ఖర్చుతో కట్టుకుంటే నాకేం అభ్యంతరం అంది. నేను కార్పొరేషన్‌లో సఫాయి పని చేసినదాన్ని. ఊరందరి మరుగుదొడ్లు కడిగాను. నాకంటూ ఒకటి కావాలనుకోవడం అత్యాశా? లిలువాలో రైల్వే క్వార్టర్‌లో ఉన్న మా అమ్మాయింటికి వెళ్ళినప్పుడు రోజుకి రెండుసార్లు స్నానం చేస్తాను. "ఎందుకమ్మా ఇన్నిసార్లు?" అంటుంది. ఎందుకేటి, గది పక్కనే ఉందని.

సిమెంటు డబ్బులు కూడేసరికి పడవకి తాడు తెగేది. ఇటికల డబ్బులు కూడేసరికి ఇంజను మూలిగేది. ఇదీ వరస.

మొదటి ఖర్చు పడవని కట్టెయ్యడం. నీళ్ళు గంగవి, బురద గంగది, మేకు మాది, తాడు మాది. ఆ మేకు పాతుకున్నందుకు ఘాట్ చూసుకునే దాదాకి నెలనెలా కిరాయి ఇవ్వాలి. "ఎందుకివ్వాలి మావా?" అన్నాను. మా వైపు మొగుణ్ణి మావా అనే పిలుస్తాం.

"ఇత్తే పడవ మీద ఎవుడూ కన్నెయ్యడే. ఆళ్ళు కాపలా కాత్తారు."

ఆ కాపలా ఎలాంటిదో తర్వాతేడాది తెలిసింది. ఇనప లంగరు పోయింది. ఆయన ఊరంతా వెతికి వెతికి, పాత ఇనుప సామాన్ల కొట్లో కనిపెట్టి, డబ్బిచ్చి ఇంటికి తెచ్చాడు. తన లంగరు తనే కొనుక్కొచ్చాడన్నమాట! "దాని కొక్కేనికి వంకరుంది కదే, చూడగానే పోల్చీసినాను" అని సంబరం. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పోల్చినోడివి, ఇది నాదని అడగలేకపోయావా?" అంటే, "ఆడు కూడా ఎవుడి దగ్గరో డబ్బిచ్చి కొన్నాడు కదా, పాపం" అన్నాడు. కొట్టువాడి మీద ఉన్న జాలి నా మోకాళ్ళ మీద ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత తారు. ఇక్కడ దాన్ని ఆల్కత్రా అంటారు. ఏటా పడవని బోర్లించి, పలకల సందుల్లో నూలు కూరి, తారు పుయ్యాలి. లేకపోతే లోపలికి నీళ్ళు ఊరతాయి. దానికో మిస్త్రీ. మిస్త్రీకి కూలి, టీ, బీడీలు, మధ్యాహ్నం అన్నం, చేపలకూర. ఆ కూర వండేదెవరు? నేనే. పైగా ఆ మిస్త్రీ, ఆవాలు నూరి వెయ్యలేదేం బౌదీ అని వంకపెట్టేవాడు. తెడ్డు వేస్తే భుజం పట్టేస్తోందని, పొలాల్లో నీళ్ళు తోడే పాత డీజిల్ ఇంజనొకటి తెచ్చి వెనక బిగించాడు మా ఆయన. అది పనిచేసిన రోజులు తక్కువ, పడకేసిన రోజులు ఎక్కువ. డీజిల్ ఖర్చు ఎంతో చెప్పను. చెబితే మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

పోనీ సంపాదన ఉందా? అదీ లేదు. చేపలు పడతాడేమో అనుకున్నాను. పట్టిన చేపలన్నీ కలిపినా మిస్త్రీకి వండి పెట్టినన్ని కావు. ఒక్కోసారి ఎవరో వచ్చి, మా అమ్మ అస్థికలు నది మధ్యలో కలపాలి, తీసుకెళ్తారా అని అడిగేవాళ్ళు. తీసుకెళ్ళేవాడు. డబ్బులిస్తే రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు. "చచ్చిపోయినోళ్ళ దగ్గర తీసుకుంటామేటే?" "చచ్చిపోయినోళ్ళెందుకిస్తారు, బతికున్నోళ్ళిస్తున్నారు కదా! డీజిలు మనదే కదా!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెవిన పెడితేనా.

ఇవన్నీ ఒక ఎత్తు, బాన్ ఒక్కటీ ఒక ఎత్తు. కలకత్తాలో గంగ ఒడ్డున ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతా వాళ్ళకి చెప్పాలి. సముద్రం పోటు నదిలోకి ఎదురెక్కి, నిలువెత్తు అలగా లేచి ఊరి దాకా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ వస్తుంది. వానాకాలంలో మరీ పెద్దగా వస్తుంది. దాని జోరంతా ఒడ్డు దగ్గరే. ఒడ్డున కట్టేసిన పడవని ఘాట్ రాళ్ళకేసి కొట్టి ముక్కలు చేస్తుంది. అందుకని అది రాకముందే పడవలన్నీ విప్పుకుని నది మధ్యకి పోతారు. అక్కడ అల పడవ కిందనుంచి లేచి, జారి పోతుంది. ఆ వేళకి పడవ ముక్కు అలకి ఎదురుగా నిలబెట్టాలి. మా ఆయనకి ఆ పని రాదు. ఘాట్‌లో ఓ బెంగాలీ పడవవాణ్ణి మాట్లాడుకున్నాడు. ప్రతి బాన్‌కీ వాడికి కూలి, ముంతెడు మరమరాలు, టీ.

ఒకసారి నాకు విసుగెత్తింది. వాడు కూలి పెంచమన్నాడని విని, "ఇంటాయనకి పడవుంది, నడపడానికి పరాయోడు కావాలి. నువ్వు వేటగాడి కొడుకువేనా?" అనేశాను. 

ఆ మాట బాగా తగిలినట్టుంది. మూతి ముడుచుకుని బయటికి పోయాడు. ఆ అమావాస్యకి ఆయన చేసిన ఘనకార్యం మా వాళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు.

మా ఊళ్ళో సముద్రం పొంగుతోందంటే తెప్పల్నీ పడవల్నీ ఏం చేస్తారు? కింద దుంగలు వేసి, పదిమంది పట్టి, అల అందనంత పైకి ఇసకలోకి లాగేస్తారు. చిన్నప్పటినుంచీ చూసిందదే. డాక్‌లో పనిచేసిన ఇన్నేళ్ళలో బాన్ ఆయన జోలికి రాలేదు. డాక్‌కి గేట్లుంటాయి, లోపల నీళ్ళు కదలవు. ఇక బస్తీలో ఉన్న మా ఊరివాళ్ళని నలుగుర్ని పోగుచేశాడు. అందరూ డాక్‌లో రిటైరైన ముసలాళ్ళే. "హైలెస్సా" అనుకుంటూ, దుంగల మీద దొర్లిస్తూ, పడవని ఘాట్ పక్క బురద గట్టు పైకి లాగారు. అంత పైకి నీళ్ళెలా వస్తాయి, ఈ బెంగాలీవాళ్ళకి సముద్రం తెలీక కూలి కోసం భయపెడుతున్నారు అని ఒకరికొకరు చెప్పుకుని బీడీలు ముట్టించారు.

నేనూ వెళ్ళాను చూడ్డానికి. ఎందుకు అబద్ధం చెప్పాలి, ఆ పూట నాకూ బాగానే అనిపించింది. కూలి మిగిలింది కదా!

నది మధ్యనుంచి పడవవాళ్ళు చేతులూపుతూ కేకలేస్తున్నారు, మధ్యకి తెచ్చెయ్యండి దాదా, ఇంకా టైముంది అని. మావాళ్ళు కూడా చేతులూపారు, మేం బాగానే ఉన్నాం అన్నట్టు. అంతలో దిగువనుంచి హోరు. అల నది మధ్యలో మామూలుగానే ఉంది. ఒడ్డు దగ్గర మాత్రం తెల్లగా విరుచుకుపడుతూ గట్టంతా ఎక్కేసింది. ముసలాళ్ళు నలుగురూ పంచెలెత్తిపట్టి మెట్ల మీదికి పరిగెత్తారు. పడవ లేచింది. అది లేవడం చూసి మా ఆయన "ఓలమ్మో!" అన్నాడు. అంతే, ఘాట్ మెట్ల రాయికి ఒక పక్కంతా వెళ్ళి కొట్టుకుంది. నీళ్ళు తీసేసరికి రెండు పలకలు చీలి ఉన్నాయి. ఇంజను నిండా బురద.

మిస్త్రీ వచ్చి చూసి ఒక లెక్క చెప్పాడు. అది సరిగ్గా నా బాత్రూం డబ్బు. పైసా ఎక్కువా కాదు, తక్కువా కాదు అనిపించింది నాకు, ఎవరో పనిగట్టుకుని నా పెట్టె తెరిచి చూసి చెప్పినట్టు.

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నం ముందు కూర్చుని, కలుపుతూ కలుపుతూ నీళ్ళు నమిలాడు. "నీ డబ్బులు... ఇప్పుడుకి సర్దితే... ఏటంటే, పడవ బాగైతే..."

"బాగైతే?"

"బాగైతే మళ్ళీ కట్టుకోవచ్చు కదే బాత్రూం. అదెక్కడికి పోతాది?"

నాకు ఒళ్ళు తెలీలేదు. గరిటె పళ్ళెంలో పడేసి లేచాను. "నాను పొద్దు గూకితే మంచినీళ్ళు ముట్టను, తెలుసా నీకు? రాత్రికి ఆ మెట్లు దిగాల్సొస్తాదని గొంతు ఎండబెట్టుకుని పడుకుంటన్నాను. చెయ్యి ఇరిగిన కాణ్ణించీ ఇదే వరస. కిడ్నీలో రాళ్ళు ఎందుకొచ్చాయనుకున్నావు? డాట్రు, నీళ్ళు తాగమ్మా తాగమ్మా అంటే నీ పక్కనే కదా కూకున్నావు! పడవలోకి నీళ్ళూరితే పరిగెత్తుతావు. నీ పెళ్ళాం గొంతులో నీళ్ళు నేవని ఒక్కనాడైనా సూసినావా?"

ఆయన చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "ఎప్పుడూ సెప్పలేదు కదే" అన్నాడు. ఏం చెప్పాలి? ఇదేమైనా మేళతాళాలతో చెప్పుకునే సంగతా? చేతులు కడుక్కుని బయటికెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి, పడవ అమ్మేస్తన్నాను అన్నాడు. ఆ మాట వినాలని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దాన్ని, విన్నాక దీపం పెట్టడానికి లేచాను.

కొనడానికి వచ్చింది మన తెలుగు కుర్రాడే. కుర్రాడంటే మరీ కుర్రాడు కాదు, పెళ్ళైనవాడు. న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మాట తెలంగాణ మాట. ఘాట్‌కి ఫోటోలు తీసుకోడానికి వచ్చి, మా ఆయన నన్ను తిట్టడమో నేను ఆయన్ని తిట్టడమో విని, తెలుగువాళ్ళని తెలిసి పలకరించి, అలా పరిచయమయ్యాడు. ఆదివారాలు పడవలో తిరగాలని సరదా అట. దేవుడే పంపించాడనుకున్నాను. ఇంటికి పిలిచి టీ పెట్టిచ్చాను, రెండు బిస్కెట్లు ఎక్కువే పెట్టాను.

"అంకుల్, మెయింటెనెన్స్ ఎంతైతది?" అని అడిగాడు.

నేను తలుపు దగ్గర నిలబడి కళ్ళతో సైగలు చేశాను. మా ఆయన నావైపే చూడలేదు. గొంతు సవరించుకుని మొదలెట్టాడు. మేకు కిరాయి చెప్పాడు. పూజల చందా చెప్పాడు. తారు, నూలు, మిస్త్రీ, తాళ్ళు, డీజిలు, బాన్ కూలి, లంగరు పోవడం, దొరకడం, చీలిన పలకలు, బురద పట్టిన ఇంజను, అన్నీ చెప్పాడు. నేను ఎన్నడూ వినని ఖర్చులు కూడా అందులో ఉన్నాయి. పడవకి నంబరు వేయించిన డబ్బట. కిందటేడు ఇంజను పంకా రెక్క విరిగితే కొత్తది వేయించాడట. ఆ నెల నాతో, పెన్షను కోతపడింది అన్నాడు! ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళానికి చెప్పని లెక్క, టీ తాగడానికి వచ్చిన వాడికి పూసగుచ్చినట్టు ఒప్పజెప్పాడు.

"మావా!" అన్నాను, ఉండబట్టలేక.

"ఉండవే. పిల్లోడు తెలీక కొనుక్కుని తర్వాత బాధపడకూడదు. మోసం చేత్తామేటి?"

మరి నన్ను చేసిందేమిటి స్వామీ? ఆ కుర్రాడి మొహంలో రంగు మారింది. బిస్కెట్ కప్పులో మునిగిపోయినా చూసుకోలేదు. నా బాత్రూం వరండాలోంచి లేచి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది. చివరికి అతను, "గిన్ని పైసలు పెట్టిన్రు కదా అంకుల్, మీకేం ఫాయిదా అయింది?" అని అడిగాడు.

మా ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "లాభమేటి బాబూ. డాక్‌లో ఉన్నన్నాళ్ళూ ఓడలన్నీ నా కళ్ళముందే ఎక్కడెక్కడికో పోయేవి. నాను గట్టు మీదే ఉండిపోయేవోణ్ణి. ఇదొక్కటీ నాను ఎక్కితే కదిలింది."

ఈ మాట కూడా నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పుంటే నేను బాత్రూం అడగడం మానేసేదాన్నా? మానేదాన్ని కాదు. అడిగేదాన్నే. కానీ అడిగేటప్పుడు గొంతు కొంచెం తగ్గేదేమో.

ఆ కుర్రాడు కొన్నాడు. చీలిన పలకలకి ధర తగ్గించుకున్నాడు, అది న్యాయమే. బాగుచేయించే ఖర్చు తనది, మేకు కిరాయి తనది, డీజిలు తనది. ఆదివారం తప్ప తను రాలేడు కాబట్టి మిగతా రోజులు పడవని మా ఆయనే చూసుకోవాలి, నెలకింత ఇస్తానన్నాడు. నాకు ఆనందంతో కళ్ళు తిరిగాయి. ఖర్చు వాళ్ళది, జీతం మాది! వెంటనే తాపీమేస్త్రిని పిలిచాను. వరండా మూల గోడలు లేచాయి, కింద గచ్చు, లెట్రిను, పైన రేకు, కొళాయి. అనుకున్నదానికంటే ఎక్కువై, పడవ డబ్బుతో సహా చేతిలో ఉన్నదంతా అక్కడికి అయిపోయింది. తలుపొక్కటి మిగిలింది. ఆ వరండా పక్కనుంచే పైవాటా వాళ్ళ మెట్లు. తలుపు లేకపోతే ఎలా? అయినా బెంగేముంది, మొదటి నెల జీతం రాగానే ప్లాస్టిక్ తలుపు తెచ్చెయ్యడమే అనుకున్నాను.

మొదటి నెల ఆయన మోచేతుల దాకా నల్లగా తారు పూసుకుని వచ్చాడు. జీతమేది? ఆ కుర్రాడు ఇచ్చిన తారు డబ్బు ఒక పూతకే సరిపోయిందట. పడవకి రెండో పూత పడాలట.

"అది నీ పడవ కాదు మావా! అమ్మేశావు! నీది కాదు!"

"పడవకేటి తెలుసు, ఎవుడిదో."

నేను వంటింటి మూలకి పోయి గిన్నెలన్నీ దడదడలాడించాను. అంతకంటే ఏం చెయ్యగలను? పాత చీర ఒకటి బాత్రూం ముందు అడ్డంగా కట్టాను. గంగ గాలికి అది ఒక్క క్షణం నిలవదు. మర్నాడు తెల్లారుతుండగా లేచి వెళ్ళాను. వెనకాల ఏదో చప్పుడైంది. చూస్తే మా ఆయన. చీర ముందు, నాకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీర అంచులు రెండూ మోచేతుల కింద నొక్కిపట్టాడు.

"ఏటి మావా ఇది?"

"తలుపు" అన్నాడు, అటే చూస్తూ. "కొనేదాకా. దీనికి కిరాయి నేదులే."

సిగ్గుతో చచ్చిపోయాను. పైవాటా కోడలు దిగుతూ, ఏం చేస్తున్నారు కాకూ అని అడిగింది. గాలి పీల్చుకుంటున్నానమ్మా అన్నాడు. అప్పటినుంచీ ఏ వేళప్పుడు లేచినా అదే వరస. నేను లేవగానే ఎలా తెలుస్తుందో ఏమో, మొద్దునిద్ర పోయే మనిషి నాకంటే ముందు వరండాలో ఉంటాడు. రెండో నెల జీతం తాళ్ళకి పోయింది. నా కోపం పోయిందని మాత్రం చెప్పను. ప్లాస్టిక్ తలుపు ఖరీదు ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ పొద్దు గూకాక గ్లాసుడు నీళ్ళు తాగుతున్నాను. తాగేటప్పుడు ఆయన ఎటో చూస్తున్నట్టు చూస్తూ, గ్లాసు ఖాళీ అయిందో లేదో కనిపెడతాడు.

ఒక్క బాన్ వచ్చే రోజే నాకు తలుపు ఉండదు. ఎవరిదో పడవకి ఇంకొకడికి కూలి దండగెందుకని, ఈ వయసులో ఆ బెంగాలీవాడి దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు తనే విప్పుకుని నది మధ్యకి పోతున్నాడు. నేను వరండాలో నిలబడి ఘాట్ వైపు నుంచి వచ్చే కేకలు వింటాను. ఆ రోజు ఆయన మెట్లెక్కి వచ్చిన చప్పుడు వినేదాకా నా గొంతులోకి గుక్కెడు నీళ్ళు దిగవు. బాత్రూం ఉంది, పది అడుగుల దూరంలో ఉంది. అయినా దిగవు.